రిమ్‌గైలె పేరు మారిన సోమవారం

క్లైపెడ రేవులో తెల్లారి ఎనిమిదింటికి
ధాన్యం తూకాల గదిలోంచి ఫోను:
"లోపలికి రానివ్వట్లేదు.
మాట అదే, వేళ్ళూ అవే."

ఎందుకో నాకు తెలుసు.
శుక్రవారం సాయంత్రం కోర్టు కాగితం చూసి
డేటాబేస్‌లో పెట్కియెనె అన్న పేరు తీసేసి
దౌక్షైతె అని రాసింది నేనే.
ఈ దేశంలో ఆడవాళ్ళ ఇంటిపేరుకి చిన్న తోక ఉంటుంది,
కూతురో భార్యో అదే చెప్పేస్తుంది.
పదకొండేళ్ళ తోకను
ఒక్క వరుస ఆజ్ఞతో కత్తిరించాను.
దానితోపాటు ఆమె పాస్‌వర్డూ తెగిపోయింది.

వైదోతస్ ముసలాయన కాలంలో
అందరి రహస్యాలూ తారుమారు అక్షరాల్లో ఒకే పట్టికలో ఉండేవి.
దాని తాళంచెవి ఆయన కోటు జేబులో.
మరిచిపోయామంటే తిప్పి, చదివి,
చేపల సంతలో ధర చెప్పినంత గట్టిగా చెప్పేవాడు.
దాచింది తీయొచ్చు,
దాని సుఖమూ అదే, ముప్పూ అదే.
ఒక జనవరి రాత్రి బార్‌లో కోటు పోయింది.
తెల్లారేసరికి రేవంతా నోళ్ళు తెరిచిన పెట్టెలు.

తర్వాత తిరగలి తెచ్చాం.
రై గింజలు పిండి కావడం ఇక్కడ ఎవరికి తెలియదు?
పిండిలోంచి గింజను ఏ దేవుడూ ఏరలేడు.
నా దగ్గరున్నది మీ పిండి మాత్రమే.
మీరు గింజ తెస్తే మళ్ళీ విసిరి
రెండూ ఒకటేనా అని చూస్తాను, అంతే.
"నా పాస్‌వర్డ్ ఏదో చూసి చెప్పవయ్యా" అంటాడు డైరెక్టరు.
తెలియదంటే ఇప్పటికీ నమ్మడు.

ఇద్దరు ఒకే గింజ తెస్తే
పిండి చూసి పోల్చేస్తారని
ఎవరి వాటాలో వాళ్ళకి చిటికెడు ఉప్పు.
ఆ పాత తిరగలి పిసినారిది,
ఎవరి పేరే వాళ్ళ ఉప్పు.
పేరు మారితే ఉప్పు మారినట్టే,
ఇక ఎన్నిసార్లు విసిరినా ఆ పిండి రాదు.
అందుకే పాత పిండిని అదే ఊడ్చి పారేసింది.

"అయితే ఇన్నాళ్ళూ
పెట్కుస్ ఉప్పు తిన్నానన్నమాట" అంది రిమ్‌గైలె.
నవ్విందో లేదో
క్రేన్ల చప్పుడులో తెలియలేదు.

ఆమెను కొత్త తిరగలికి మార్చాను.
ఇందులో ఉప్పు ఎవరికీ చుట్టం కాదు,
యంత్రం గుడ్డిగా తీసిన గుప్పెడు.
ఒక్కసారి కాదు,
నాలుగువేల తొంభై ఆరు సార్లు విసురుతుంది.
గుమ్మం దగ్గర మాట పైకి అనక్కర్లేదు,
తెలుసునని రుజువు చూపితే చాలు.
గుమ్మం కూడా తిరిగి రుజువు చూపాలి,
తను ఆ గుమ్మమేనని.

"రెండు వైపులా?" అని ఆగింది.
"రెండు వైపులా."
"మళ్ళీ పేరు మార్చుకుంటే?"
"ఏమీ కాదు."

కొత్త మాట కొడుతోంది.
టకటకలు వినబడుతున్నాయి.
లెక్కపెట్టకూడదని ఫోను బల్లమీద బోర్లించాను.

తొమ్మిదీ పదికి తెరమీద మొదటి వరుస:
గోధుమలు, ఇరవై ఆరు టన్నులు,
తూచినది దౌక్షైతె.