పటిక

మా అంగట్లో టీవీ కుర్చీ ఎనకాల ఉంటాది.
గడ్డానికి కూచున్నోడికి అద్దంలోనే బొమ్మ,
అక్షరాలన్నీ ఎనక్కు నడుస్తాంటాయి.
గుంతకల్లులో సగం మంది
వార్తలు తిరగేసే చదివినారు
గొంతు మీద నా కత్తి ఆడతాంటే.

ఆ పొద్దు ఇనుప తలుపుల ప్రకటన.
తెల్లచొక్కాలు, ఎర్రమన్ను, నాలుగు బండ్లు.
కొడవలి పట్టుకున్నోడు రంకె ఏసి
తలుపు మీదికి నాటుబాంబు ఇసురుతాడు.
పొగ పోయినాక తలుపు అట్లే ఉంటాది.
"సీమోళ్లకే పగల్లేదు, ఇంక దొంగలకా!"
అని ఓ ఆడమనిషి కిలకిలా నవ్వుతాది.

నేను చూసింది ఆ మీసమొకటే.
బంకతో అతికించినారు, ఎడమ కొస లేచిపోయుండె.
ముప్పై రెండేండ్లుగా ఈ ఊరి మీసాలు కత్తిరిస్తాండా,
అంతటి మీసం ఈడ ఒక్కనికే చూసినా,
రైల్వే ఆస్పత్రి కాంపౌండరు బుడ్డన్నకి.
సూది ఎయ్యల్లంటే రోగికన్నా ముందు
వాని చెయ్యే వణుకుతాది.

కుర్చీలో లెక్చరరు పుల్లయ్య సారు
సగం నురగ మొగంతో లేచి నిలబడినాడు.
"ఇది జాతివివక్షే! జిల్లాలకు జిల్లాల్ని
రాక్షసుల్ని చేసి తలుపులమ్ముకుంటారా?
మా పిల్లోనికి హైదరాబాదులో రూము ఇయ్యల్యా,
అనంతపురమా, అని ఒక్క మాటడిగి!"
బెంచీ మీద ఖాజామొద్దీన్ పేపరు మడిచినాడు.
"యాడ్ సార్ అది, ముప్పై సెకండ్లు.
జాతంటే వేరే, జిల్లా అంటే వేరే.
నవ్వేసి వదిలెయ్యల్ల."
"నిన్ను టీవీలో ఎట్ల చూపిస్తారో ఎరికే గదా,
నువ్వూ నవ్వేసి వదిలేస్తాండావా?"
ఖాజా మళ్లీ పేపరు తెరిచినాడు.
ఏం పేజీయో గానీ, శానాసేపు తిప్పలేదు.

నేను నోరెత్తలేదు.
మంగలోడు వాగుతాడని గూడా టీవీనే చెప్పె గదా,
అప్పుడప్పుడు పంతానికి మూసుకుంటా.

పది దినాలకు గూర్ఖా వచ్చినాడు.
నెలకోసారి వస్తాడు,
ఇంటింటికీ ఇరవై వసూలు చేసుకున్నాక.
నురగ పూసినా. కత్తి పెట్టినా.
అద్దంలో దోమల బత్తి ప్రకటన.
గేటు కాడ స్టూలు మీద
ఖాకీ గుడ్డల గూర్ఖా గుర్రు కొడతాంటాడు.
దోమ కుడితే ఎగిరిపడి
"జీ షాబ్, జాగ్తా హూ షాబ్" అని
గోడకు సెల్యూట్ కొడతాడు.
బెంచీ బెంచీ నవ్వింది.
పేపరు చదవనీక వచ్చిన పుల్లయ్య సారు గూడా,
కండ్లజోడు తీసి తుడుచుకుంటా.
నేనూ నవ్వినా.
నవ్వు భుజం నుంచి మోచేతికి దిగింది,
మోచేతి నుంచి కత్తికి.

దవడ కింద సన్నగా ఎర్రగీత.
ఆయన కదల్లేదు.
అద్దంలోంచి నా కండ్లలోకి చూసి
"ఏం కాలేదులేన్నా, పటిక పెట్టు" అన్నాడు
మా ఊరి యాసలోనే, నాకన్నా మెత్తగా.
పంతొమ్మిదేండ్లు మా వీధుల్లో ఈలేసినోడు
ఇంక యా యాసలో మాట్లాడల్ల?

పటిక తడిపి అద్దినా.
మంటకు ఒక కన్ను మూసినాడు.
"నీ పేరేమి?" అంటి.
ఇన్నేండ్లకు.
"కర్ణ బహదూర్ ఖడ్కా. మా అమ్మ కర్ణే అనేది."
మా ఇంటి లెక్కల బుక్కులో
నెలనెలా, గూర్ఖా ఇరవై, అనే ఉంది.
నా చేతిరాతే.

పుల్లయ్య సారు ఆ పెద్దమాట మళ్లీ అనలేదు.
నాకైతే అది నోరే తిరగదు.
తప్పా, తమాషానా, చదువుకున్నోళ్లు తేల్చుకోండి.
ఆ పొద్దు కత్తి మాత్రం నా చేతిలో ఉండె.

డబ్బులొద్దంటే ఇన్లేదు,
దువ్వెన కింద పెట్టి పోయినాడు.

నడిరేయి రెండు గంటలకు ఈల ఇనపడింది,
గుత్తి రోడ్డు మలుపు కాడ ఒకసారి,
మా ఇంటి ముందర ఇంకోసారి.
కిటికీ తీద్దామనుకున్నా.
తీసి ఏమని పిలవల్లో తెలిసింది గానీ,
ఏం చెప్పల్లో తెల్లేదు.
లాఠీ చప్పుడు ఆగకుండా
పక్క వీధిలోకి పోయింది.