నలుసు

నా సంచీ నాలుగున్నర కిలోలు.
మా తమ్ముడు జెఫెరీనోది సంచీయే కాదు, కోటు జేబు.
అందులో ఒక కెమెరా, రెండు బిస్కెట్లు,
ఏ తలుపుదో వాడికే గుర్తులేని తాళంచెవి.

నజరేలో నవంబరు.
ఉత్తరపు తీరాన కెరటం మేడలంత లేస్తుందని కబురొస్తే
కొండకొమ్మున, ఎర్ర దీపస్తంభం పక్కన
మాబోటివాళ్ళం తెల్లారకముందే బారులు తీరుతాం,
లెన్సుల్ని ఫిరంగుల్లా సముద్రం మీదికి గురిపెట్టి.
వాడు కింది వీధినుంచి కొండ మీదికి
తాడు లాగే రైలుపెట్టె నడుపుతుంటాడు.
పైకోసారి, కిందికోసారి.
రోజుకెన్నో వాడూ లెక్కపెట్టడు.

నాది అద్దం లేని కెమెరా.
పాతవాటి కడుపులో ఉండే అద్దాన్ని
పీకి పారేశారు కనక ఆ పేరు.
ఎండుచేపలమ్మే డియొలిందా పెద్దమ్మ
నా పెద్ద లెన్సులోకి వంగి చూసి
తలగుడ్డ సర్దుకుంది.
"అద్దం లేదంటావేం? నా మొహం కనిపిస్తుంటే!"

వాడిదానికి పుట్టుకతో వచ్చిన కన్ను ఒక్కటే.
ఊడదు, మారదు,
దూరాన్ని దగ్గరికి లాక్కురాదు.
దగ్గర కావాలంటే కాళ్ళే నడవాలి.
పెట్టె నడిపేవాడికి నడిచే చోటేదీ?
అందుకే వాడి ఫొటోల్లో జనం
ఎంత దూరాన కూర్చుంటే అంత దూరానే ఉంటారు.

లోపల మాత్రం రెండింటి సెన్సరూ ఒకే కొలత.
ఒకే వెడల్పు మడిచెక్క.
వెలుగు పారితే రెండూ ఒకేలా పండుతాయి.
ఈ మాట నాకు నచ్చదు.
నాలుగున్నర కిలోలు మోసేవాళ్ళెవరికీ నచ్చదు.

ఇక దుమ్ము సంగతి.
నేను లెన్సు మార్చడమంటే గాలివానలో తలుపు తెరవడమే.
ఉప్పు తుంపర, ఇసుక, ఎవడిదో సిగరెట్ బూడిద.
రాత్రి వంటింట్లో కూర్చుని
రబ్బరు బుడ్డితో ఊది ఊది శుభ్రం చేసుకుంటాను.
వాడిది అసలు తెరవని ఇల్లు.
అయినా ఏ సందునో దూరింది
జేబులోని ఉన్నిపోగో, బిస్కెట్టు పొడో.
ఇక బయటికి రాదు.
"మొత్తం విప్పాలి, ఆ ఖర్చుతో ఇంకోటి కొనుక్కో" అన్నాడు
కాల్దాస్‌లో రిపేర్లు చేసే బాసీలియో.

అప్పట్నుంచి వాడి ప్రతి ఆకాశంలో
కుడివైపు, పైన, ఒక బూడిదరంగు చుక్క.
ఎండలో ముదురుతుంది,
మబ్బు పట్టినరోజు పలచబడుతుంది.
"పక్షనుకో అక్కా" అంటాడు.

పెనుకెరటం లేచిన రోజు
చప్పుడు చెయ్యని షట్టరుతో వెయ్యిన్నీ ఎనభై తీశాను.
ఎదురుగా సముద్రం పెట్టుకుని
కంటి దగ్గరి చిటికెడు టీవీలో చూశాను దాన్ని.
కాళ్ళకింద బండ అదిరింది.
టీవీలో అదరలేదు.

ఆ సాయంత్రం వాడు తనది చూపించాడు.
పెట్టెలో జనమంతా వీపులు తిప్పి కిటికీకి అతుక్కున్నారు.
ఒక పిల్ల మాత్రం ఇటు తిరిగి
బూటు లేసు నములుతోంది.
ఆ పిల్ల చెవి వెనక, కొండమొన మీద,
బియ్యపుగింజంత తెల్లటి తుంపర.
"నీ కెరటం అదే" అన్నాడు.
పైనున్న చుక్క దానికంటే పెద్దది.
తెరమీద ఏదో పడిందనుకుని నేను కొంగుచేత్తో, కాదు,
స్వెట్టరు చేత్తో తుడిచాను.
వాడు పగలబడి నవ్వాడు.

మూడోనాడు లిస్బన్‌నుంచి పత్రిక వచ్చింది.
నా కెరటం పేజీ నిండా ఉంది, పేరు కింద చిన్నగా ఉంది.
అలకొసన, తుంపరకి పైన,
నేను ఊపిరి బిగబట్టి పట్టుకున్న పక్షి లేదు.
ఫోన్ చేశాను.
"దుమ్మనుకుని తీసేశాం" అంది నోర్బెర్తా.
"మీ సెన్సరు ఒకసారి తుడిపించుకోండి."

పత్రిక పట్టుకుని కింది స్టేషనుకి వెళ్ళాను.
జెఫెరీనో బిస్కెట్టు నములుతూ చాలాసేపు చూశాడు.
ఖాళీ ఆకాశం మీద ఒకచోట వేలు పెట్టి
"ఇక్కడేనా?" అన్నాడు.
వేలు తీస్తే అక్కడ పొడి మిగిలింది.
"ఎక్కు, టైమైంది."