గుర్తుతెలియని స్త్రీ

నెగెటివ్‌ని దీపపు బల్ల మీద పెడితే
ఆకాశం నల్లన, మావాళ్ళంతా తెల్లన.
కర్ర పట్టుకున్న ఆఫీసరు మొహం బొగ్గు.
ఈ వేలెడు ఫిల్ము మీద మాత్రం
చట్టప్రకారం ఊరు వదలాల్సింది వాడే.

ప్రింటు తీస్తే మళ్ళీ మామూలే.

లారీ మీద మంచం, కోళ్ళగంప, ఊడబీకిన రేకులు,
వాటి నడుమ
తలుపొకటి ఒళ్ళో పెట్టుకుని మా అమ్మమ్మ.
తలుపు మీద సున్నంతో 84.
ఇంటి నంబరు కాదది, కూల్చే వరస.
ఫొటో వెనక ఎవరో పెన్సిల్‌తో రాశారు:
గుర్తుతెలియని స్త్రీ, పశ్చిమ ట్రాన్స్‌వాల్.

కెలెబొన్యే ఆమె పేరు.
మా సెట్స్వానాలో, నేను చూశాను అని.

కొత్తచోట ఇచ్చిన రేకుల గదికి
ఆ తలుపు జానెడు పొడుగైంది.
కోసేద్దామన్నాడు తాత.
కొయ్యనివ్వలేదు.
పదకొండేళ్ళు గోడకి ఆనించే ఉంది.
పిల్లలం దాని మీద సుద్దతో లెక్కలు చేసేవాళ్ళం
ఆ 84 జోలికి పోకుండా.

పెన్సిల్ రాత రబ్బరుతో చెరిపేశాను.
ఆర్కైవులో అలా చెయ్యకూడదు, తెలుసు.
పేరు రాశాను.

లారీ చక్రం పక్కన ఒక కుక్క,
పైకే చూస్తూ.
దాన్ని ఎక్కించుకోలేదు.
దాని పేరేమిటో
అమ్మమ్మ ఉండగా అడగనేలేదు.