ఇరవై నిమిషాల వేడి

డండీలో జనవరి.
టే నది మీంచి వచ్చిన గాలి
నాతోపాటే లిఫ్టెక్కింది.
తొమ్మిదో అంతస్తు. తలుపు మీద ఇత్తడి పలక:
ఎఫీ మాంక్రీఫ్.
చేతిలో కౌన్సిలు వాళ్ళిచ్చిన కాగితం,
సంచిలో టెస్టరు, రెండు స్క్రూడ్రైవర్లు,
పాత పొగాకు డబ్బా నిండా
ఇళ్ళలోంచి ఏరుకొచ్చిన మాడిన ప్లగ్గులు.
నోటితో చెబితే ఎవరూ వినరు.
మసి చూపిస్తే వింటారు.

ఆవిడ చెవులు జనపనార మిల్లులోనే పోయాయట.
మగ్గాల మోత మధ్య
పెదాలు చూసి మాట పట్టడం నేర్చిందట.
నా నోటికేసే చూస్తూ నిలబడింది.
గొణగడానికి లేదిక.

హీటరు సోఫా వెనక ఉంది.
దాని నెత్తిన ఉన్ని మేజోళ్ళ జత,
జానెడు దూరంలో కర్టెన్ అంచు.
తీగ తివాచీ కిందికి దూరి
ఎక్స్‌టెన్షన్ బోర్డు దగ్గర తేలింది.
అదే బోర్డుకి కెటిల్, టీవీ,
చిలక పంజరం పక్కన చిన్న దీపం.

"ఇది రెండు వేల వాట్లు.
ఈ బోర్డు మొయ్యలేదు.
గోడ సాకెట్లో నేరుగా పెట్టండి" అన్నాను.
తల ఊపింది, ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు.

మీట ఆరు దగ్గరుంది.
అంతదాకా తిప్పితే తొందరగా కాగుతుందని
అందరూ అనుకునేదే.
ఆరుకి తిప్పినా మూడుకి తిప్పినా
లోపల కాగేది ఒకే తీరున.
తేడా అల్లా ఎక్కడ ఆగాలన్నదే.
ఆరంటే ఆగొద్దని చెప్పడం.
మూడంటే, గది చాలనగానే
ఓ చిన్న రేకు వంగి, టిక్కుమని, మీటరు ఊపిరి పీల్చుకోవడం.

"టిక్కు నాకు వినపడదుగా" అంది.

ఆవిడ అరచేతిని మీట పక్కన ప్లాస్టిక్కుకి ఆనించి
నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ పోయాను.
కళ్ళు మూసుకుంది.
ఐదు. నాలుగు. మూడుకి ఇంకా కాస్త ఉండగా
ఆ ముడతల చెయ్యి ఉలిక్కిపడింది.
"బేరింగు!" అంది.
మిల్లులో బేరింగు కాగుతోందేమో
ఇలా అరచేత్తోనే చూసేవాళ్ళట.
ఒకసారి పసిగట్టి, షెడ్డంతా కాలకుండా ఆపిందట.
గొప్ప చెప్పుకున్నానేమోనని సిగ్గుపడింది.

స్విచ్చి ఆపి ప్లగ్గు లాగాను.
వేలు నిలవనంత వేడి.
ఒక కొస గోధుమరంగు తిరిగింది.
"ఎప్పట్నించి నడుస్తోంది?"

ఆవిడ గోడ మీది మీటరు తెరకేసి చూసింది.
అక్కడ అంకెలు పెన్నీ పెన్నీగా తరుగుతున్నాయి.
"ఇరవై నిమిషాలు."

ఇరవై నిమిషాలకే ఇంత కాగిందంటే
లోపల స్క్రూ వదులైనట్టే.
అది నా బుర్రకి వెంటనే తట్టింది.
రెండోది తట్టడానికి కాస్త టైము పట్టింది.

నేను వస్తానన్నది పదిన్నరకి.
ఇప్పుడు పదీ యాభై.

మంచం మీద మూడు దుప్పట్లు.
పంజరానికి చుట్టిన శాలువా.
కిటికీ అద్దానికి లోపలివైపు పేరిన మంచు
ఇప్పుడిప్పుడే జారుతోంది.
మేజోళ్ళు ముట్టుకుంటే ఇంకా పచ్చి.
ఎలాగూ వేస్తున్నాం కదా అని ఆరేసినట్టున్నారు.

నేనేమీ అనలేదు.
అయినా చదివేసింది.
"మా అమ్మ, ఇంటికెవరైనా వస్తే
బొగ్గు ఇంకో పెళ్ళ వేసేది" అంది.

కొత్త ప్లగ్గు బిగించాను.
హీటరుని కర్టెన్‌కి మీటరు దూరం జరిపాను.
మేజోళ్ళు కుర్చీ వీపెక్కాయి.
మూడు దగ్గర, చెయ్యి పెడితే తెలిసేలా,
ఎర్ర టేపు ముక్క అంటించాను.
ఇక ఆపేయండి అంటే వినలేదు,
నా టీ కప్పు ఖాళీ అయ్యేదాకా.
నాలుక కాలేలా తాగేశాను.

డబ్బాలో ఇంకో ప్లగ్గు చేరింది.
ఇది ఎవరికీ చూపించను.

కిందికొచ్చి, వ్యాన్లో కూర్చుని,
తర్వాతి ఇంటికి ఫోన్ చేశాను.
"పెట్రీ గారూ, బయల్దేరుతున్నాను.
నేను కోటు విప్పను.
నా కోసం ఏమీ వెయ్యకండి."

అటునుంచి కాసేపు దగ్గు.
"ఆలస్యం చేశావు నాయనా.
ఇందాకే వేశాను."