సాక్షి సంతకం

కల్వకుర్తిల మోటర్ వైండింగ్ షాపు.
కుర్మయ్య పోయినంక
బ్యాంకోళ్లు ఫారం తిప్పి చూపెట్టిండ్రు:
నామినీ గడిల వాళ్లమ్మ పేరు.
ఆమె పోయి తొమ్మిదేండ్లు.

రాగితీగ చుట్లు ఒక్కటి తప్పనోడు
ఒక్క పేరు మార్చుడు మరిచిండు.

వారసుల సర్టిఫికెట్ కోసం
తహసీల్ ఆఫీసుకు, కోర్టుకు
చెప్పులరగ తిరిగింది అలివేలు.
ఆరు నెల్ల చాయ బాకీ
నా లెక్కల అట్లనే ఉన్నది, నేనడగలే.

ఇయ్యాల తన వీలునామా తనే రాసుకున్నది.
కరెంటు పోతే సెల్లు లైటు పట్టిన.
సాక్షులం ఇద్దరం: నేనూ, కాంపౌండర్ నర్సిములు.

పనిపిల్లగాడు మైబు
గ్రీజు చేతులు తుడుచుకుంట వచ్చిండు:
"నేను గూడ పెడ్తనమ్మా."

పెన్ను ఎనుకకు గుంజుకున్నది.

"నువ్వొద్దు బిడ్డా,
నీ పేరు లోపలున్నది."