సగం శిలువ

పేరు సిస్టర్ అట్రాక్టా.
మర్రిగూడ నోట్లో పడి అట్రక్క అయింది.
అక్క అని పిలవడానికి మాకు అట్లా దారి దొరికింది.

ఐర్లండులో పడమటి కొసన ఆమె ఊరు.
అక్కడ వాన తెరిపియ్యదట, బట్టలారవట,
జనం బావికి మొక్కుతరట.
చెప్పులిడిచి నీళ్ల చుట్టూ తిరిగి
పక్కనున్న ముళ్లచెట్టుకు గుడ్డపీలిక కడతరట.
"గట్లయితే మీరు మావోళ్లే" అన్నది అమ్మ,
జాన్‌పహాడ్ దర్గాల తను కట్టిన ముడుపు యాదికొచ్చి.

అమ్మ మేదరి సోమక్క.
డిస్పెన్సరీకి గంపలు, చాటలు అల్లేది.
ఫిబ్రవరి మొదటి దినం
అట్రక్క వాళ్ల ఊళ్లో తుంగతో శిలువ అల్లి
గడప మీద వేలాడదీస్తరట.
మా దగ్గర కుంట ఎండింది, తుంగ ఏది?
అమ్మ వెదురు పేళ్లు సన్నగా చీరి ఇచ్చింది.
నడుమ ఒక చదరం, నాలుగు రెక్కలు.
మొదటిది వంకర పోయింది.
అదే మా ఇంటికి దక్కింది.

ఇంకొకటి చెప్పింది.
వాళ్ల భాషలో ఎదురుపడి
ఒకరు "దేవుడు నీతో" అంటే
రెండోవాళ్లు "దేవుడూ మరియా నీతో" అనాలె.
మళ్లీ బదులిస్తే ఇంకో పునీతుడు కలుస్తడు.
"మరి మా మైసమ్మ ఎన్నో వంతు?"
అట్రక్క పొట్ట పట్టుకుని నవ్వింది.

నల్లగొండ నుంచి ఆమెకని క్యాన్లలో నీళ్లొచ్చేవి.
బాలింతలకు పంచి
తను మా బోరునే తాగేది.
"మొక్కే బావిని మనం ఎంచుకుంటమా" అనేది.
కలెక్టరుకు ఎన్ని ఉత్తరాలు రాసిందో
పోస్టు రామస్వామికే ఎరుక.

ముప్పై ఏండ్లు.
ముందు నడుము, తర్వాత మెడ,
ఆఖరికి మోచేతులు.
ఒక ఆదివారం చూసిన,
నొసటి దాకా ఎత్తబోయిన చెయ్యి
గదవ దగ్గరే నిలబడిపోయింది.
ఎడమ భుజం అందలేదు.
కుడి భుజం సంగతి సరేసరి.
పక్కన కూర్చున్న అమ్మ సాయం పడదామని
తన చెయ్యెత్తింది.
అదీ అక్కడిదాకే లేచింది.
ఒకే బోరు మరి.

సగం సగం చేతులతో ఆ ఇద్దరూ
నా వైపు చూసిన్రు.
ఏడో తరగతి నాకు, పళ్ల మీద పసుపు చారలు.
అట్రక్క వేళ్లు పట్టుకొని
నొసలు దించి తాకించిన,
ఛాతీ, ఎడమ, కుడి.
వరుస తప్పిన్నో ఏమో.
ఆమేన్ మాత్రం ముగ్గురం అన్నం.

కాన్వెంటు వెనక ఎర్రమట్టిలో ఆమెను దించిన రోజు
ఫాదర్ నిండు శిలువ గీసిండు గాలిలో.
అమ్మ చెయ్యి గదవ దాకా పోయి ఆగింది.
అది దండమో, శిలువో
ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నల్లాలో కృష్ణ నీళ్లొస్తున్నయి.
వచ్చిన మొదటి నాడు
అమ్మ చెంబు నింపి, ఒరిగి ఒరిగి నడిచి,
అక్కడ గుమ్మరించి వచ్చింది.

ఇంటికి పోయి "అమ్మా, మంచిగున్నవా" అంటే
మంచం మీది నుంచి లెక్క తప్పకుండా చెప్తది:
దేవుడూ, మరియా, మైసమ్మా, అట్రక్కా నీతో.

బదులు నేనియ్యాలె.
ఇంకొక పేరు కలపాలె.
ఆ పేరు నాకు తెలుసు,
నోరు తెరవను.