ఇతర వస్తువులు: నిల్

గజపతినగరం దాటితే నా బీటు మొదలు.
బండి వెనక థర్మాకోల్ పెట్టె,
పెట్టెలో ఐసు,
ఐసు మీద ఊదారంగు కాగితాల్లో చుట్టిన తీపి.
ఎండకి ముందు నేను, నా వెనక ఎండ.

వైజాగ్ మీటింగులో మేనేజరు
తెర మీద గుండ్రటి రొట్టె వేసి కోస్తాడు:
ఈ పెద్ద ముక్క మనది,
ఎర్ర ముక్క వాళ్లది,
బంగారు కాగితం ముక్క మొన్న సముద్రం దాటొచ్చిన వాళ్లది.
మిగిలిన పొడుం
ఊరూ పేరూ లేని జీడిలదీ పిప్పరమెంట్లదీ.
ఆ పొడుం కూడా మనకే రావాలంటాడు.
నేను తలూపుతాను.
నెలకి పద్నాలుగు వేలు, పెట్రోలు వేరే.

రామభద్రపురం జంక్షన్లో
కూరగాయల మార్కెట్టుకి ఎదురుగా తవిటమ్మ కొట్టు.
కొట్లో మా కంపెనీ ఇచ్చిన ఫ్రిజ్జు.
ఇచ్చింది కాదు, ఉంచింది.
మా సరుకు తప్ప మరోటి ఉండకూడదని
ఇంగ్లీషులో రాసిన కాగితం కింద
ఆవిడ వేలిముద్ర.
నెలకోసారి తలుపు తీసి ఫొటో తియ్యాలి.
ఫొటోని బట్టి ఫ్రిజ్జుకి మార్కులు, నాకు కూడా.

మే నెల మధ్యాన్నం.
రాయపూర్ లారీలు నీడ కోసం వరస కట్టాయి.
తలుపు తీశాను.
పై అరలో మా బార్లు, బుద్ధిగా.
రెండో అరలో ఎర్ర కంపెనీ వాళ్లు ఐదుగురు, నక్కి.
కింద
పెరుగు గిన్నె, తడిగుడ్డలో కనకాంబరాలు,
ఎవరిదో అంబలి చెంబు,
మూలకి ఒక అట్టపెట్టె.

"ఏటమ్మా ఇది?"

"ఏటి సెయ్యమంతావు బాబూ,
ఈ ఈదికంతటికీ సల్లటి సోటు ఇదొక్కటే.
అయినా నీ బిళ్లలెవులు కొంతన్నారిప్పుడు?
రూపాయి సిల్లర నేకపోతే నీ బిళ్లే రూపాయి అప్పుడు.
ఇప్పుడు సూడు, ఆ గళ్ల అట్ట,
టింగుమంతాది, పైసాకి పైసా.
సిల్లర సచ్చిపోనాది.
దాని తోటి బిళ్లా పోనాది."

ఇదే ముక్క మాకు
నలభై స్లయిడ్లలో చెప్పారు, భోజనం పెట్టి.

అట్టపెట్టె తెరిచాను.
చిన్న గాజు సీసాలు, మంచు పట్టి.
ఎదుర్రేకుల టైలరు కొడుకువట.
తొమ్మిదేళ్లు. రోజుకి నాలుగు సూదులు.
"ఆళ్లింట్లో కుండే ఉంది బాబూ, కుండలో పెడితే
మందు పాడైపోతాదని డాట్రు కసిరినాడంట."

అంతలో వాడే వచ్చాడు, చెప్పుల్లేకుండా,
కాలే నేల మీద గెంతుకుంటూ.
పారినాయుడు. తాత పేరు.
గాజు తలుపుకి ముక్కు ఆనించి
మా సరుకంతా ధరలతో సహా అప్పచెప్పాడు,
ఎక్కాల్లా.
"ఈ ఐదు రూపాయల్ది సన్నమైపోనాది, అంకుల్.
నిరుడు ఈ గీత దాకా ఉండీది."

ధర పెంచకుండా గ్రాములు తగ్గించిన సంగతి
బయట ఎక్కడా అనొద్దని
మాకు గట్టిగా చెప్పారు.
ఒక్కటీ తినని వాడు కనిపెట్టేశాడు.

వాడి నిక్కరు జేబులో మాత్రం
రెండు రూపాయి బిళ్లలు, మావే,
కాగితం జేబు రంగుకి వచ్చేసింది.
"తినేద్దూ," అన్నాను, ఏదో అనాలని.
"ఊహూఁ. సెయ్యి వొనికితేనే తినాల.
కళ్లు తిరిగితేనే.
ఈ నెల ఒకటే అయిపోనాది."
లెక్క చెబుతున్నట్టు చెప్పాడు,
నేను ఆదివారం చెప్పే లెక్కలాగే.

ఎవరు కొంటున్నారు అని మా ఫారంలో గడి ఉంది:
పిల్లలు, యువత, కుటుంబం, పండగ.
చెయ్యి వణకడానికి గడి లేదు.

మా బార్లని ముందుకి జరిపాను,
అట్టపెట్టె కనపడకుండా.
అంబలి చెంబు ఒక క్షణం తవిటమ్మ పట్టుకుంది.
ఫొటో.
ఇతర వస్తువులు? అని ఫోను అడిగింది.
నిల్, అని కొట్టాను.

ఎర్ర కంపెనీ వాళ్లని మాత్రం
తీసి గల్లా మీద పెట్టేశాను.
ఉద్యోగం కదా.

బండి సాలూరు రోడ్డుకి తిప్పుతుంటే
అద్దంలో కనబడింది:
తవిటమ్మ వాటిని ఒక్కొక్కటే
మళ్లీ లోపల పెడుతోంది,
మెత్తబడిపోతాయని.